వేసవిలో చెప్పిన రాతివేలి అవ్వ కథ

మా మేనల్లుడు వెండెల్‌కు మా చెరొకీ తెగ భాషలో మంచినీళ్లడగడం కూడా రాదు. అయినా తాలెక్వా పట్నం దగ్గరి మా ఊరి హాల్లో పిల్లలకు చెరొకీ కథలు చెప్పేది వాడే. మా తాతలు తలపాగా చుట్టేవారు. ఈయనగారు ఈకల కిరీటం పెట్టుకొచ్చాడు. ఎక్కడిదిరా అంటే ఆన్‌లైన్‌లో తెప్పించానన్నాడు, సిగ్గులేకుండా.

అది జూలై, మాకు నడివేసవి. మధ్యాహ్నమే మబ్బు కమ్మి హాలు చీకటైంది.

“పాములు తిరిగే కాలంలో కథలు చెప్పకూడదురా. చలికాలం దాకా ఆగు,” అన్నాను.

“పాములకు లోపలికి ప్రవేశం లేదులే అత్తా.”

పిల్లలు నవ్వారు. నా మనవరాలు జోలీన్ మరీ గట్టిగా నవ్వింది. ఏళ్ల తరబడి నేర్పినా దానికి మా భాష ఒక్క ముక్క ఎక్కలేదు, మొద్దు.

వాడు ఎత్తుకున్నది రాతివేలి అవ్వ కథ. అయినవాళ్ల రూపంలో వచ్చి, పిల్లల కార్జం తోడుకుపోయే ముసలిది. దాన్ని కూడా కోతిచేష్టలతో చెప్పాడు.

కరెంటు పోయింది. తడిరాయి వాసన... హాలు లోపలే. వెనక నుంచి ఎవరో ముసలావిడ మా భాషలో గుసగుసగా పిలిచింది.

“రండి నా తల్లుల్లారా... తల దువ్వుతాను.”

వెండెల్‌కు అర్థమైతేగా. “పెద్దావిడెవరో వచ్చారు, దగ్గరికెళ్లండి పిల్లలూ,” అన్నాడు.

చీకట్లో తడుముకుని జోలీన్ చెయ్యి దొరకబుచ్చుకున్నాను. బయటికి లాక్కొచ్చాను. కారు దగ్గర వెనక్కి చూస్తే, హాల్లోంచి వానలోకి ఇంకో పిల్ల పరిగెత్తుకొస్తోంది.

అదీ జోలీనే. అదే మొహం... అదే పచ్చగౌను.

“ఎవరి పిల్లవే నువ్వు?” మా భాషలో అడిగాను.

వానలోని పిల్ల తెల్లమొహం వేసింది. నన్ను వదిలి పోవద్దని ఇంగ్లిషులో ఏడ్చింది. నా చెయ్యి పట్టుకున్న పిల్ల తడుముకోకుండా మా భాషలో చెప్పింది.

“నీ మనవరాలినే అమ్మమ్మా.”

ఇన్నాళ్లకు నా చదువు దీనికి ఎక్కిందని పొంగిపోయాను. దాన్ని ఎక్కించుకుని, రెండోదాని మొహాన తలుపు వేసి, కారు పోనిచ్చాను. ఏడుపు వంతెన దాకా వెంట వచ్చింది.

కరెంటు వచ్చేసరికి హాల్లో ముసలావిడ లేదట. మిగతా పిల్లలంతా క్షేమమేనట. కథ అదిరింది కదత్తా అని ఫోన్ చేశాడు వెధవ.

జోలీన్ ఇప్పుడు ఇంట్లో మా భాష తప్ప మాట్లాడదు. నేను కూడా వినని పాతమాటలు వాడుతుంది. ఎవరు నేర్పారని నా కూతురు మురిసిపోతే, నేనే అంటాను. ఇంకేమంటాను?

వాన పడితే మాత్రం వంతెన వైపు నుంచి ఏడుపు వినిపిస్తుంది... ఇంగ్లిషులో. జోలీన్ మెల్లగా లేచి కిటికీ మూసేస్తుంది.