కావలెను: ఒక లైట్‌హౌస్

"మన జలాంతర్గామి డ్రాయింగుల్ని ఒక ముఠా దొంగతనంగా ఫిల్ము తీసింది. ఆ ఫిల్ము ఒక బొమ్మ లైట్‌హౌస్ కడుపులో ఉంది. శనివారం రాక్‌లాండ్‌లో చేతులు మారుతుంది," అన్నాడు డైరెక్టర్. "నీ వేషం సిద్ధమేనా?"

సిద్ధమే. మూడు నెలల కిందటే ఏజెంట్ పైక్ బొమ్మ లైట్‌హౌస్‌లు సేకరించేవాళ్ల పత్రికలో ప్రకటన వేయించాడు. చనిపోయిన తన భార్యకు ఇష్టమైన గల్ రాక్ లైట్‌హౌస్ బొమ్మ, మొదటి ఏడాది తయారీ, కావలెనని. పైక్‌కు పెళ్లే కాలేదు. నలభై మూడు ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువ రాసింది థెల్మా హస్కెల్ అనే డెబ్బై ఏళ్ల వితంతువు. అతని కోసం చర్చి వేలాలు, పాత సామాన్ల కొట్లు గాలిస్తున్నానని రాసింది. ఆమె ఉత్తరాలను రెండోసారి చదవడానికి పైక్‌కు ముఖం చెల్లలేదు.

శనివారం రాక్‌లాండ్‌లో ఆ సేకరించేవాళ్ల వార్షిక సమావేశం. స్కూలు జిమ్‌లో అరవై బల్లలు. పదిహేడో బల్ల వెనక ఎర్ర గ్లవ్స్‌తో కొరిన్ నిలబడింది. ముఠాకు అమ్మకందారు, పైక్‌కు వేగు.

"నలభై బొమ్మలిచ్చారు. వరుస మార్చొద్దన్నారు. ఫిల్ము దేన్లో ఉందో నాకూ చెప్పలేదు," అంది. "వచ్చేవాడు 'పెట్టె ఉందా' అని అడుగుతాడు. అదే కోడ్."

"ఎవరైనా అడిగారా?"

"పంతొమ్మిది మంది. బొమ్మతో వచ్చిన పెట్టె లేందే ఈ సేకరించేవాళ్లు ఏదీ కొనరు. ఈ లెక్కన ఊరంతా గూఢచారులే."

పైక్ జేబులో, దాచిన లోహపు డబ్బీని పసిగట్టే స్కానర్ పెన్ను ఆకారంలో ఉంది. ప్రతి బొమ్మ అడుగునా సీసం దిమ్మె ఉంటుందని ఆ స్కానర్ తయారుచేసినవాళ్లకు తెలియదు. అది నలభైకీ మోగింది.

"ఇక్కడ కొత్త ముఖం నీదే. ప్రకటన వేసింది నువ్వే కదూ, నాయనా? నేను థెల్మాని."

ఆమె చేతిలో బ్లూబెర్రీ పళ్ల రొట్టె, చంకలో అట్టపెట్టె. పైక్ ఆమెవైపు తిరిగేలోగా నావికుడి టోపీ పెట్టుకున్న ఒకతను వచ్చాడు. "పెట్టె ఉందా?" అన్నాడు. వెనక వరుసలో ఆరో బొమ్మ తీసుకుని వెళ్లిపోయాడు.

"చూశావా ఆ పెద్దమనిషిని?" అంది థెల్మా. "తిరగేసి అడుగునున్న తయారీ నంబరు చూడలేదు. అడుగు చూడకుండా కొన్నవాణ్ని నేనింతవరకూ ఎరగను."

పైక్ పరుగెత్తాడు. రేవులో ఫెర్రీ పడవ ఎక్కే వంతెన పైకి లేస్తోంది. పడవలోకి దూకి, టోపీవాడి కాలరు పట్టుకున్నాడు. బొమ్మ సీసం దిమ్మె వెనక ఫిల్ము దొరికింది.

అటునుంచి అటే వెళ్లిపోవచ్చు. పైక్ తిరిగి జిమ్‌కే వచ్చాడు. థెల్మా అట్టపెట్టె తెరిచింది. గల్ రాక్, మొదటి ఏడాది, పన్నెండో నంబరు.

"మా ఆయన కొనిచ్చిన జంట బొమ్మలు ఇచ్చి దీన్ని మార్చుకున్నా."

"నాకు పెళ్లి కాలేదండీ," అన్నాడు పైక్ నేల చూస్తూ.

థెల్మా పళ్ల రొట్టె కోస్తోంది. "తెలుసు. భార్య పోయినవాళ్లు అమ్ముతామని ప్రకటన ఇస్తారు నాయనా. కొంటామని ఇవ్వరు."

"మరెందుకు వెతికారు?"

"కావాలని రాశావుగా. రాస్తే వెతుకుతాం. ఎవరని అడగం."

"ఇది నాకొద్దండీ."

"ఒకసారి మార్చుకున్నాక వెనక్కి తీసుకోవడం మాలో లేదు. తిను."

తలెత్తకుండా తిన్నాడు.

సాయంత్రం డైరెక్టర్ ఫోన్ చేశాడు. "ముఠా మొత్తం దొరికింది. నీ వేషం ఎవరూ కనిపెట్టలేదు కదా?"

"లేదు సార్," అన్నాడు పైక్. ఆ మూడు నెలల్లో అతను సిగ్గుపడకుండా చెప్పిన అబద్ధం అదొక్కటే.