ప్రస్థానం పెట్టిన సూట్‌కేసు

"మూడు రోజుల ట్రిప్‌కి ఇంత సూట్‌కేసా? ఏంది వర్షిణీ, అమెరికా మొత్తం సర్దుకొస్తవా?"

గురువారం పొద్దున, కెనడాలోని సర్రీలో మా బేస్‌మెంట్ గుమ్మంలో వానకి తడిసి ముద్దయి నిలబడ్డ అమ్మాయితో నేనన్న మొదటి మాట అది. లోపలికి రమ్మని కూడా అనలేదు. తప్పే, ఒప్పుకుంటున్నాను. కానీ నా బాధ కూడా వినండి. మే నెల లాంగ్ వీకెండ్‌కి సియాటిల్ మీదుగా ఒరెగాన్ సముద్రం దాకా రోడ్ ట్రిప్. ప్లాన్ నాది, రెంటల్ కార్ బుకింగ్ నాది, గంటగంటకీ ఏం చేయాలో రాసిన ఎక్సెల్ షీటు నాది. అందులో మొదటి రూలే 'మనిషికి ఒక్క చిన్న బ్యాగ్'. ఆ రూల్‌కి గ్రూపులో లైక్ కొట్టింది కూడా ఈ వర్షిణే!

"ముందు పక్కకి జరుగు అచ్యుత్," అంటూ నన్ను తోసుకుని లోపలికొచ్చి, ఆ నీలం సూట్‌కేసుని నా మంచం పక్కన నిలబెట్టింది. ఫోన్‌లో టైం చూసుకుంది. "తొమ్మిది ముప్ఫై ఆరు. హమ్మయ్య, దాటలేదు."

"ఏం దాటలే?"

"ముహూర్తం. ఇది ప్రస్థానం."

"అంటే?" అన్నాను.

"మీ కరీంనగర్‌లో పెట్టరా? ప్రయాణం రోజు మంచిది కాకపోతే, ముందే మంచి రోజు చూసి పెట్టెని ఇల్లు కదిలిస్తారు. ఇంకో ఇంట్లో పెడతారు. అంటే ప్రయాణం మొదలైపోయినట్టే. తర్వాత మనిషి ఎప్పుడు బయల్దేరినా ఫర్వాలేదు. అమలాపురం నుంచి మా అమ్మ ఫోన్‌లో ముహూర్తం చెప్పింది, నేను తెచ్చి పెట్టాను. అంతే."

"మరి బరువో?"

ఆమె ఇంకేదో చెప్పబోయి ఆగింది. "నేనే వచ్చి తీసుకెళ్తాను. నువ్వు మాత్రం దాన్ని ముట్టుకోకు," అని, గొడుగు కూడా వేసుకోకుండా వానలోకి వెళ్ళిపోయింది.

శనివారం ట్రిప్‌కి గురువారం ప్రస్థానమన్నమాట. నాకంటే ప్లానింగ్ ఎక్కువ ఉన్న కుటుంబం ఇంకోటి ఉందని తెలిసి కాస్త అసూయపడ్డాను కూడా.

ఆ షీటు గురించి ఇంకో మాట చెప్పాలి. ఆదివారం సాయంత్రం ఏడున్నర, సముద్రం ఒడ్డున, అని ఒక వరస ఉంది. ఏం చేయాలి అన్న గడి మాత్రం ఖాళీ. మా రూమ్మేట్ బన్నీ దాన్ని చూసి, "ఇక్కడ ఏం తింటాంరా?" అని అడిగాడు. వాడికి తిండి తప్ప ఇంకోటి తట్టదు. ఆ ఖాళీ గడిలో ఏముందో నాకొక్కడికే తెలుసు. రెండేళ్ళుగా వర్షిణితో చెప్పలేకపోతున్న మాట ఉంది. ఆమె కోర్సు అయిపోయింది, నాకింకా ఒక సెమిస్టర్ మిగిలింది. ఉద్యోగం ఏ ఊళ్ళో వస్తే ఆ ఊరికి ఎగిరిపోతుంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను.

శనివారం పొద్దున రెంటల్ కార్ తెచ్చాం. ఫొటోలో ఉన్నదానికంటే చిన్నగా ఉంది. నా బ్యాగు, బన్నీ బ్యాగు, వాడి రైస్ కుక్కర్ డిక్కీలో పెట్టాం. మిగిలింది నీలం సూట్‌కేసు.

"ఆమె వచ్చి తీసుకుంటా అన్నది కదరా," అన్నాడు బన్నీ.

"ఇంత బరువు ఆ పిల్లతో మోయిస్తమా? సర్‌ప్రైజ్ ఇద్దాం."

ఇద్దరం కలిసి ఎత్తితే గానీ లేవలేదు. నడుం పట్టేసింది. ప్రేమలో ఇవన్నీ మామూలే అనుకున్నాను.

వర్షిణి తన ఇంటి ముందు బ్యాక్‌ప్యాక్ ఒక్కటి తగిలించుకుని నిలబడింది. "డిక్కీ నిండింది, ఒళ్ళో పెట్టుకో," అన్నాను లోలోపల మురిసిపోతూ.

"రెండు చిన్న బ్యాగులకే?"

"బన్నీ రైస్ కుక్కర్," అన్నాను. ఆమె నవ్వేసింది. ఆ నవ్వుకి బోర్డర్ దాకా ఎలా డ్రైవ్ చేశానో నాకే గుర్తులేదు.

బోర్డర్ బూత్‌లో ఆఫీసర్ అద్దం దించమన్నాడు. ఎక్కడికి, ఎన్ని రోజులు, ముగ్గురూ ఒకరికొకరు ఏమవుతారు అని అడిగాడు.

"ఫ్రెండ్స్ సర్. జస్ట్ ఫ్రెండ్స్," అన్నాను.

వర్షిణి కిటికీ వైపు తిరిగింది. 'జస్ట్' ఎందుకన్నానో నాకే తెలియదు, నోటికొచ్చేసింది.

ఇండియన్ పాస్‌పోర్టులు కదా, పేపర్లకి లోపలికి వెళ్ళమన్నారు. కారు కూడా చూస్తామన్నారు. పది నిమిషాల తర్వాత నెరిసిన జుట్టు ఆఫీసరమ్మ ఒకావిడ ఆ నీలం సూట్‌కేసుని దొర్లించుకుంటూ లోపలికి వచ్చింది.

వర్షిణి దాన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది.

"అది ఇక్కడికెలా వచ్చింది?" అంది తెలుగులో, పళ్ళ మధ్య నుంచి.

"సర్‌ప్రైజ్," అన్నాను.

"చంపేశావు అచ్యుత్!"

సూట్‌కేసు బల్ల మీద తెరుచుకుంది. మందపాటి వింటర్ జాకెట్, మంచు బూట్లు. మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్, దాని పక్కనే కుంకుమ పొట్లం. అడుగున పదో తరగతి నుంచి పీజీ దాకా సర్టిఫికెట్ల ఫైలు. నేను నోరు తెరిచి చూస్తున్నాను. బన్నీ చిప్స్ నమలడం కూడా ఆపేశాడు.

"మూడు రోజులు అన్నారు," అంది ఆఫీసరమ్మ ఇంగ్లిష్‌లో, మెల్లగా. "మే నెలలో మంచు బూట్లు ఎందుకు? కుక్కర్ ఎందుకు? సర్టిఫికెట్లు ఎందుకు? అమెరికాలో ఉద్యోగం చూసుకుంటున్నారా?"

ఈ పిల్లని ఇక్కడే వెనక్కి పంపేస్తే? వీసా మీద మచ్చ పడితే? బరువు మోయడానికి పోయి ఆమె బతుకు మీదికి తెచ్చానే!

"లేదు మేడమ్," అంది వర్షిణి. మాట తడబడలేదు. ఫైలు తెరిచి ఒక కాగితం తీసింది, ఫోన్‌లో ఒక టికెట్ చూపించింది. "నా ఉద్యోగం కెనడాలోనే. ఎడ్మంటన్‌లో. మంగళవారం సాయంత్రం నా ఫ్లైట్."

మంగళవారం! అంటే ట్రిప్ అయిపోయిన మర్నాడే! నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే కుర్చీలో కూలబడ్డాను. ఆ ప్రస్థానం ట్రిప్‌ది కానే కాదు. ఎడ్మంటన్ ప్రయాణానిది. నా మంచం పక్కన రెండు రోజులుగా నిలబడి ఉన్నది నన్ను వదిలివెళ్ళే పెట్టె. దాన్ని నేనే ఎత్తి కారులో పెట్టుకుని, మురిసిపోతూ అమెరికా దాకా తెచ్చాను.

ఆఫీసరమ్మ కాగితాన్ని రెండుసార్లు చదివింది. "సరే. మరి ఈ పెట్టె ఎందుకు తెచ్చారు?"

"నేను తేలేదు. ఇతను తెచ్చాడు. ఇతని ఇంట్లో పెట్టాను." ప్రస్థానం అంటే ఏమిటో మళ్ళీ మొదటినుంచీ చెప్పింది, ఈసారి ఇంగ్లిష్‌లో. మంగళవారం ప్రయాణం మంచిది కాదని, అందుకే పెట్టె ముందు బయల్దేరిందని.

ఆఫీసరమ్మ కనుబొమలు పైకెళ్ళాయి. "ఎవరి ఇంట్లో అయినా పెట్టొచ్చా?"

"లేదు మేడమ్. మా అమ్మ ఒప్పుకోదు. సొంతవాళ్ళ ఇంట్లోనే పెట్టాలి."

"అంటే ఇతను మీ కుటుంబమా?"

వర్షిణి చెవులు ఎర్రబడ్డాయి. నా వైపు చూడలేదు.

"ఇంకా కాలేదు," అంది.

ఆఫీసరమ్మ బల్ల మీదున్న స్క్రీన్ వైపు చూసింది.

"బూత్‌లో ఇతను జస్ట్ ఫ్రెండ్స్ అని చెప్పాడు," అంది ఆఫీసరమ్మ నా వైపు తిరిగి. "రెండు జవాబులు ఉన్నాయి. ఏది నిజం?"

జేబులోంచి మడతపెట్టిన షీటు తీశాను. "మేడమ్, ఆ జవాబుని రేపు సాయంత్రం ఏడున్నరకి మార్చుదామనుకున్నా. ఇదిగో, ఇక్కడ. ఖాళీగా ఉంది చూడండి."

ఆమె షీటు చూసింది. వర్షిణి కూడా వంగి చూసింది. "అక్కడ క్లామ్ చౌడర్ సూప్ అనుకున్నాను!" అన్నాడు వెనకనుంచి బన్నీ.

"ఏమని మారుస్తావు?" వర్షిణి అడిగింది, తెలుగులో.

"నువ్వంటే నాకిష్టమని. ఎప్పటినుంచో. ఎడ్మంటన్ పోతున్నవని తెల్వదు. తెల్సినా ఇదే చెప్పేవాణ్ణి."

"నేనూ రేపు అక్కడే చెబుదామనుకున్నాను, ఎడ్మంటన్ సంగతి. ముందే చెప్తే ట్రిప్ అంతా మొహం వేలాడేసుకుంటావని..." కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా నవ్వుతోంది. "జస్ట్ ఫ్రెండ్స్ అట, జస్ట్!"

ఆఫీసరమ్మకి ఒక్క తెలుగు ముక్క రాదు. అయినా అర్థమైనట్టుంది. పాస్‌పోర్టులు మా ముందుకు జరిపి, "సోమవారం రాత్రికల్లా వెనక్కి వెళ్ళండి. ఆ పెట్టెతో సహా," అంది.

కారెక్కగానే అమలాపురానికి వీడియో కాల్. వర్షిణి వాళ్ళమ్మ దమయంతి ఆంటీ జరిగిందంతా విని గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ప్రస్థానం పెట్టె అమెరికా వెళ్ళిందా? మా వంశంలో ఎప్పుడైనా విన్నామా తల్లీ! ఎవరే దాన్ని కదిపింది?"

వర్షిణి ఫోన్ నా వైపు తిప్పింది. "నేనే ఆంటీ. తెల్వక..."

ఆవిడ మొహం ఫోన్‌కి దగ్గరగా పెట్టింది. "మనవాళ్ళ ఇంట్లోనే పెట్టానమ్మా అంటే, సర్రీలో మనవాళ్ళు ఎవరా అని మూడు రోజులుగా ఆలోచిస్తున్నాను. నువ్వేనా బాబూ?"

"అవును ఆంటీ."

"ఆ పెట్టె మళ్ళీ మా అమ్మాయి గదికి రాకూడదు. మీ ఇంటినుంచే బయల్దేరాలి. ఎయిర్‌పోర్టుకి నువ్వే దింపాలి. ఆ తర్వాత మీ అమ్మగారి నంబరు నాకు పంపించు," అని పెట్టేసింది.

సముద్రం చూశాం. ఏడున్నరకి వాన కురిసింది. క్లామ్ చౌడర్ బన్నీ ఒక్కడే తిన్నాడు.

మంగళవారం వాంకూవర్ ఎయిర్‌పోర్టులో నీలం సూట్‌కేసు చెకిన్ అయిపోయింది. వర్షిణి నా చేతిలోంచి నా ట్రిప్ బ్యాగ్ లాక్కుని భుజానికి తగిలించుకుంది. పొద్దున్నే దాన్ని కారులో పెట్టమని తనే అంది. ఎందుకంటే చెప్పలేదు.

"అది నాది! లోపల నా బట్టలున్నయి."

"తెలుసు. ఇవాళ మంగళవారమే అయినా, పదకొండు తర్వాత బాగుందంది అమ్మ." సెక్యూరిటీ లైన్ వైపు నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఇది నీ ప్రస్థానం. ఎడ్మంటన్‌లో సొంతవాళ్ళ ఇంట్లో పెడుతున్నాను. సెమిస్టర్ అయిపోగానే వచ్చి తీసుకో."