సున్నం అంటిన చీర

ధర్మవరంలో ఆ ఉదయం కూడా మగ్గం చప్పుడుతోనే తెల్లారింది. 1956. సంజీవప్ప మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నాడెను పోగుల మధ్య అటూ ఇటూ విసురుతున్నాడు. పెద్దల అమావాస్యకు ఇంకా మూడు రోజులే. ఆ పండగకు కొత్త బట్ట పోయిన పెద్దల ముందు పెట్టి, తర్వాత ఇంట్లోవాళ్ళు కట్టుకుంటారు. ఈసారి మగ్గం మీద ఉన్న కాఫీరంగు చీర తల్లి ఉలిగమ్మకు. ఆమె గడప దగ్గర పట్టుదారం కండెలకు చుడుతోంది. అరవై నాలుగేళ్ళ మనిషి. పిల్లికళ్ళు ఇంకా మసకబారలేదు.

ఆ కళ్ళ కథ వీధికంతా తెలుసు. రైలుపట్టాలు వేసేటప్పుడు మన్ను మోయడానికి పోయిన సిద్ధమ్మకు తెల్లదొర కడుపు చేసి పారిపోయాడట. కుళ్ళాయప్ప అనే నేతగాడు ఆ చూలాలిని పెళ్ళాడి, పుట్టిన ఉలిగమ్మకు నాయనయ్యాడు. కొళాయి దగ్గర బిందెల తగాదా వచ్చినా ఆమెను కొట్టే మొదటి మాట "పారిపోయినోడి బిడ్డ". తిండికి కరువు రావచ్చు గానీ ఇలాంటి మాటలకు మన వీధుల్లో కరువు రాదు.

హిందూపురంలో టీచరు ట్రైనింగు చదువుతున్న సంజీవప్ప కూతురు గంగాదేవి రైలు దిగి నేరుగా ఇంటికొచ్చింది. సంచి కూడా దించలేదు.

"అవ్వా, మీ నాయన పారిపోలా. చచ్చిపోయినాడు."

కండె ఆగిపోయింది.

"ఆడ పాదిరిగారి దగ్గర పాత చావుల పుస్తకం ఉండాది. మీయమ్మ నీకు చెప్పిన పేరే. థామస్ పెర్కిన్స్, రైలు పనుల ఇన్‌స్పెక్టరు. పద్దెనిమిది వందల తొంభై రెండు, ఆగస్టు. కలరా. పెనుకొండలో పూడ్చినారు. నువ్వు పుట్టింది ఆ యేడు దీపావళికి గదా?"

సంజీవప్ప గుంటలోంచి లేచి వచ్చాడు. "ఏమే, చదువుకోమని పంపితే సమాధులు తవ్వుకుంటా తిరుగుతాండావా?"

"తవ్వలా నాయనా, చదివినా."

"నోర్ముయ్! నాకు నాడె పట్టడం నేర్పింది మా తాత కుళ్ళాయప్ప. మనకు పేరిచ్చింది ఆయన. కూడు పెట్టింది ఆయన. ఇప్పుడొక దొరను తెచ్చి ఆయన పక్కన కూర్చోబెడతావా? ఆ పేరు ఈ ఇంట్లో ఎత్తితే పెద్దల పండగే లేదు, పో!"

"సంజీవా," అంది ఉలిగమ్మ. "పుట్టినప్పటి నుంచి ఆయప్పను తిట్టుకుంటా బతికినా. చచ్చినోన్ని తిట్టినా రా. ఒక్కతూరి పోయి చూడాల. నువ్వు రాకుంటే నేనే పోతా."

"మరి మా తాతకేం చెప్తావు?"

ఉలిగమ్మ ఆగిన కండెను మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

మర్నాడు ముగ్గురూ రైలెక్కారు. తల్లిని ఒంటరిగా పంపలేక వచ్చాడు సంజీవప్ప. మూతి మాత్రం ముడుచుకునే ఉంది. "ఆయన ఏసిన పట్టాలే గదా, టికెట్టు మాత్రం తప్పలా మనకు," అంది గంగాదేవి. అతను నవ్వలేదు.

పెనుకొండలో ముళ్ళపొదల మధ్య దొరల సమాధులు. ఏళ్ళ తరబడి అక్కడ కాపలా ఉన్న ముసలాయన, పెర్కిన్స్ పేరున్న రాయిని కట్టెతో చూపించాడు.

"ఈ రాయికా వచ్చినారు? దీనికి ధర్మవరం నుంచి మొగుడూ పెండ్లాం వస్తాండిరి, ప్రతి పెద్దల అమాసకూ. ఆయమ్మ సున్నం కొడతాండె. ఆయన కొత్త కోక దీని మీద కప్పి, కొంచేపు నిలబడి, మళ్ళీ మడిచి తీస్కపోతాండె. 'కప్పిన కోక తీస్కపోతావేమప్పా' అని అడిగితి. 'ఈయన బిడ్డకు. నాయనిచ్చినట్ల ఉండల్ల గదా' అనె."

"బిడ్డకెందుకు చెప్పలా?" గంగాదేవి అడిగింది.

"అదీ అడిగితి. 'ప్రతి యేడూ చెప్పల్లనే అనుకుంటా. చెప్తే నన్ను నాయనా అనదేమోనని భయమబ్బా' అనె."

ఉలిగమ్మ రాయి పక్కన నేల మీద కూర్చుంది.

"పెనుకొండ బాబయ్య దర్గాకని చెప్పి పోతాండిరి ఇద్దరూ," అంది. "పండగకు నాకిచ్చే కోక మడతల్లో సున్నం ఉంటాండె. గోడకు తగిలిందేమో అనుకుని దులిపేస్తాంటి. ప్రతి యేడూ దులిపేస్తాంటి."

రాయి మీద చెయ్యి వేసి ఏడ్చింది. రాయితో కాదు, కుళ్ళాయప్పతోనే మాట్లాడింది. "పిచ్చి నాయనా! నిన్ను నాయనా అనకుండా ఇంకెవర్ని అంటా?"

సంజీవప్ప మొహం అటు తిప్పుకున్నాడు. ఇల్లు చేరగానే మగ్గం గుంటలోకి దిగాడు.

అమావాస్య నాడు తెల్లవారేసరికి మగ్గం ఖాళీగా ఉంది. చీర లేదు, సంజీవప్ప లేడు. వంటలు చల్లారుతున్నాయి. పెనుకొండ వైపు నుంచి మధ్యాహ్నం రైలు వచ్చిన కాసేపటికి ఇల్లు చేరాడు. సున్నానికి వేళ్ళు పగిలి ఉన్నాయి. చంకలోని మూట తల్లి ఒళ్ళో పెట్టాడు.

"కట్టుకోమ్మా. మీ నాయనిచ్చినాడు."

"ఏ నాయన రా?"

"ఇద్దరూ."

ఉలిగమ్మ కొడుకు చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "గంగా, ముందు మీ ముత్తాత కుళ్ళాయప్పకు విస్తరెయ్యి. పక్కనే ఆయనకూ."

తర్వాత చీర మడత విప్పింది. కాఫీరంగు పట్టు మీద తెల్లగా సున్నం.

దులపలేదు. అట్లాగే కట్టుకుంది.