నలభయ్యో పేజీలో నక్షత్రం

గురువారం మధ్యాహ్నం లైబ్రరీ బస్సు ఎప్పటిలాగే ఫుట్‌బాల్ మైదానం పక్కన ఆగింది. పైన రేకు మీద సన్నటి వాన. లోపల తడిసిన ఉన్ని కోట్ల వాసన, డీజిలు వాసన. వర్నా హత్యల నవలల అరలోంచి ఒక్కో పుస్తకం తీసి నలభయ్యో పేజీ చూసుకుంటోంది. ఆ ఊళ్ళో వయసు మళ్ళిన వాళ్ళందరికీ ఉన్న అలవాటే అది. చదివేసిందే మళ్ళీ పట్టుకెళ్ళకుండా పుస్తకంలో ఎవరి గుర్తు వాళ్ళు పెట్టుకుంటారు. వర్నాది పెన్సిలు నక్షత్రం.

ఈమధ్య ఆ నక్షత్రం కనిపిస్తే తప్ప చదివిన సంగతే గుర్తు రావడం లేదు. ఇంకొక్కసారి పొయ్యి ఆపడం మరిచిపోతే వృద్ధాశ్రమంలో చేర్పిస్తానని కూతురు కెరిన్ తేల్చి చెప్పేసింది.

"వర్నా, ఈ లావుపాటిది మళ్ళీ తీసుకెళ్తారా?" బస్సు నడిపే నోయెల్ ఒక పాతకాలపు మహానవల ఎత్తి చూపించాడు. "వారం వారం మీరేగా పట్టుకెళ్తున్నారు."

"నేనా? నిద్ర పట్టకపోతే మాత్ర వేసుకుంటాను గానీ దాని జోలికి పోను అబ్బాయ్. అందులో మొదటి శవం పడేలోగా చదివేవాడు పోతాడు. మా పక్కింటి ఈనిడ్‌కి అదంటే ప్రాణం, నాలుకతో వేలు తడి చేసుకుంటూ రోజూ అదే తిరగేసేది. 'ఆ చెత్త మానెయ్, నీచేత ఇది చదివించకపోతే చూడు' అని పోరేది. పాపం, చలికాలంలో పోయింది."

నోయెల్ నవ్వుకుంటూ టీ తాగడానికి దిగాడు.

వర్నా ఊరుకోలేక ఆ పుస్తకం తెరిచింది. నలభయ్యో పేజీ.

నక్షత్రం... తనదే.

పేజీ తిప్పింది. అక్కడా ఉంది. ఆ తర్వాత పేజీలోనూ. ప్రతి పేజీలోనూ...

చదివి మరిచిపోయిందా? చప్పున మూసేసింది. మూయగానే నోటికి ఒక వాక్యం వచ్చింది. దాని వెనకే ఇంకోటి. తెరిచి చూసుకుంది. అక్షరం పొల్లు పోలేదు.

"చాలు..." గొణిగింది. పుస్తకం చేతిలోంచి జారి కిందపడింది. పెదాలు ఆగలేదు. ఒక్కో పేరా లోపలికి వస్తుంటే ఇంకేదో జారిపోతోంది. పెళ్ళినాటి గౌను... తన వీధి పేరు...

నోయెల్ మెట్లెక్కి వచ్చాడు. "ఒంట్లో బాగాలేదా? కూర్చోండి, కెరిన్‌కి ఫోన్ చేస్తాను."

వర్నా పళ్ళు బిగించి పెదాలను ఆపింది. అతని ముఖంలోకి చూసింది.

"కెరిన్... ఎవరు?"

బస్సులో ఉన్నది వాళ్ళిద్దరే. పుస్తకం నేల మీద మూసే ఉంది. వెనక, అరల చివర, ఎవరో నాలుకతో వేలు తడి చేసుకున్న చప్పుడు...

కాగితం తిరిగింది.

వర్నా పెదాలు మళ్ళీ కదిలాయి.