కుప్పంలో రెండు డిస్కులు

మదనపల్లె టమాటా యార్డులో వేలం జోరుగా సాగుతోంది. ఆ కేకల్లో ఒక మనిషి మూలుగు ఎవరికీ వినపడలేదు. ఎర్రటి బాక్సుల వరసల మధ్య భీమరావు మోకాళ్ల మీద కూలబడ్డాడు. మెడ మీద దోమ కుట్టినంత చుక్క. ఎండదెబ్బేమోనని పక్కవాళ్లు నీళ్లు చల్లారు. తెల్ల చొక్కా వేసుకున్న ఒకడు సూదిగొట్టాన్ని పెన్నులా జేబుకు తగిలించుకుని తాపీగా గేటు దాటిపోయాడు.

అదే సమయానికి పుంగనూరులో, భీమరావు ఇంట్లోని కంప్యూటర్ తెర మీద ఎర్ర సాలెపురుగు బొమ్మ వచ్చి కూర్చుంది.

మధ్యాహ్నానికి శాలేము రాజు భుజాన తువ్వాలుతో, చేతిలో టిఫిన్ క్యారియర్‌తో మండీ బ్రోకర్ వేషంలో ఒక నర్సింగ్ హోమ్ ఎక్స్‌రే గది ముందు నిలబడ్డాడు. లోపలి నర్సు తలుపు సందులోంచి, ఈరోజు బాక్సు ఎంత పలికిందని అడిగింది. నాటుదా, హైబ్రీడా అని అతను ఎదురు అడిగాడు. తలుపు తెరుచుకుంది.

ఆ గది వెనకే గూఢచారి విభాగం సెక్షన్ నైన్ ఆఫీసు. చీఫ్ విమల కుర్చీలో కాకుండా గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమె నిలబడి బ్రీఫింగ్ ఇవ్వడం రాజు ఎప్పుడూ చూడలేదు.

"భీమరావు బతికే ఉండాడు. కానీ రేపటిదాకా స్పృహ రాదంట."

మిగతాది ఆమె గడగడా చెప్పేసింది. రెడ్ స్పైడర్ ముఠా స్థావరంలో మన ఏజెంట్ ఆర్ గుమాస్తా వేషంలో ఉన్నాడు. ఈ సాయంత్రం ఐదింటికి అక్కడ అందరి వేలిముద్రలూ సరిచూస్తారు. సరిపోకపోతే ఆర్ ప్రాణం దక్కదు. వాళ్ల సర్వర్లోకి దూరి ఆ రికార్డు మార్చే ప్రోగ్రామ్‌ను మన సెక్షన్లోనే పనిచేసి రిటైరైన భీమరావు ఇంట్లో కూర్చుని రాశాడు. ఈరోజే పంపాల్సింది. ఇప్పుడు ఆ కంప్యూటర్లో ప్రతి ఫైలుకూ తాళం పడింది.

"బ్యాకప్ ఉంటుంది గదా మేడమ్?"

"ఉంటే తీసుకోని రా. ఐదు లోపల పంపించు." ఆమె ఒక్క క్షణం ఆగింది. "మెహ్‌నాజ్ దారిలో తగలచ్చు. జాగ్రత్తప్పా."

మెహ్‌నాజ్ పైకి ఒక బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఏరియా మేనేజర్. నల్ల కళ్లద్దాలు, ఎర్ర కారు, ఎంతటివాడి చేతనైనా సంతకం పెట్టించే నవ్వు. ఆ కంపెనీ రెడ్ స్పైడర్‌దే. రెండేళ్లుగా ఆమె మనకు వాళ్ల కబుర్లు, వాళ్లకు మన కబుర్లు మోస్తోంది. ఎవరికి నిజం చెబుతుందో, ఎవరికి సగం చెబుతుందో ఆమెకే తెలియాలి.

రాజు సెల్యూట్ చేసి బయటికొచ్చాడు. ఏజెంట్ ఆర్ అంటే రోషన్. విమల ఒక్కగానొక్క కొడుకు. ఆ సంగతి సెక్షన్లో అందరికీ తెలుసు. ఆమె ముందు మాత్రం ఎవరూ అనరు.

మోటార్ సైకిల్ పుంగనూరు చేరేసరికి రాజు చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయింది. భీమరావు భార్య మునిలక్ష్మి ఆస్పత్రికి పోవడానికి సంచి సర్దుకుంటోంది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయినా నోరు మాత్రం తగ్గలేదు.

"సూడు నాయనా, ఆయప్ప పొద్దున్నే లేచి ఆ డబ్బాలో పచ్చ టిక్కు సూసుకోకుండా కాఫీ తాగడు. నా మొకం సూసిందెప్పుడు? మూడు సోట్ల దాచినా, మనకేం భయం లేదనేవాడు."

మూడు చోట్ల. రాజుకు ప్రాణం లేచొచ్చింది. టిఫిన్ క్యారియర్ పై గిన్నెలో చిత్రాన్నం, నడిమి గిన్నెలో బ్యాటరీ, అడుగు గిన్నెలో అరచేయంత కంప్యూటర్. దాన్ని తీసి బల్ల మీద పెట్టాడు.

మొదటిది ఇంటర్నెట్లో దాచిన కాపీ. తెరిచి చూస్తే ప్రతి ఫైలు మీదా సాలెపురుగే. అది బ్యాకప్ కాదు, ఇక్కడ ఏది మారితే అక్కడా దాన్నే మార్చే సింక్. పొద్దున ఇక్కడ తాళాలు పడగానే, నమ్మకమైన నౌకరులా అక్కడా తాళాలు వేసుకుంది. పాత కాపీలు దాచే ఏర్పాటు ఆ సాఫ్ట్‌వేర్‌లో లేనే లేదు.

రెండోది కంప్యూటర్ వెనక తగిలించిన హార్డ్ డిస్క్. ఏడాదిగా వైరు తీసింది లేదు. దొంగ ఇంట్లో దూరితే బీరువా వదులుతాడా? అందులోనూ సాలెపురుగే.

ఫోన్ మోగింది. విమల ఒకే ఒక్క మాట అడిగింది.

"ఉండాదా?"

"ఇంకా లేదు మేడమ్."

అటువైపు మాట లేదు. లైను మాత్రం కట్ చేయలేదు. ఆ నిశ్శబ్దం వినలేక రాజే పెట్టేశాడు. రోషన్ వెళ్లేముందు తనతో, మా అమ్మకు ధైర్యం చెప్పడం మాత్రం నీవల్ల కాదులే అన్నా అని నవ్వాడు. నిజమే, కాలేదు.

"అమ్మా, మూడోది యాడుండాది?"

మునిలక్ష్మి మూతి ముడుచుకుంది. నెలకోసారి భీమరావు ఒక డిస్కు సంచిలో వేసుకుని కుప్పం బస్సెక్కేవాడట. అక్కడ ఫోటో స్టూడియో పెట్టుకున్న స్నేహితుడు ఘనికి ఇచ్చి వస్తానని చెప్పేవాడట.

"నేను బిర్యానీకి పోతాండాడనుకున్నా," అంది ఆమె. పోయిన శుక్రవారమూ పోయొచ్చాడని చెబుతూ కళ్లు తుడుచుకుంది.

పుంగనూరు నుంచి కుప్పం దగ్గరేం కాదు. గంగవరం దగ్గర టమాటా లారీలు రోడ్డుకు అడ్డం పడ్డాయి. రాజు చేలగట్టు మీదికి బండి దించి, మళ్లీ రోడ్డెక్కి, పలమనేరు దాటి, వి.కోట దాటి పోతూనే ఉన్నాడు. వేలు యంత్రం మీద పెట్టబోతున్న రోషన్ చెయ్యే కళ్ల ముందు ఆడుతోంది. చెప్పిన పని చెప్పినట్టు చేయడం తప్ప రాజుకు వేరే విద్య లేదు. ఈ పూట అదీ చేతనవుతుందో లేదో.

కుప్పంలో స్టూడియో ముందు ఎర్ర కారు ఆగి ఉంది.

లోపల మెహ్‌నాజ్ స్టూలు మీద కూర్చుని ఉంది. నల్ల కళ్లద్దాలు చేతిలో ఉన్నాయి. మొదటిసారి ఆమె మొహంలో నవ్వు లేదు. ఎదురుగా ఘని చేతులు కట్టుకుని కోపంగా నిలబడ్డాడు. బల్ల మీద రెండు హార్డ్ డిస్కులు. ఒకే కంపెనీ, ఒకే రంగు.

"ఈ ఎడమదే మా రావుగారిది సాబ్," అన్నాడు ఘని. "నా బీరువాలోంచి నా చేత్తో తీసినా. ఈయమ్మ మాట నమ్మద్దు."

"కుడిదే అసలుది," అంది మెహ్‌నాజ్. "పగలగొట్టి పారేయమని నాకు ఆర్డర్. పారేయలేదు. ధనుంజయ నా వెనకే వస్తాండాడు. పొద్దున యార్డులో సూది వేసింది వాడే. తొందరగా తేల్చుకో."

గోడ గడియారంలో ఐదు కావడానికి ఇంకెంతో సేపు లేదు. ఒకవైపు భీమరావు ప్రాణస్నేహితుడు, రెండోవైపు రెండు నాలుకల మనిషి. రాజు ఎడమ డిస్కు తగిలించాడు. తళతళలాడే నీలం తెర, పెద్ద పచ్చ టిక్కు, నూటికి నూరు శాతం భద్రం అని అక్షరాలు. మొత్తం తిరిగి తెచ్చుకోవడానికి గంట పడుతుందని కింద రాసి ఉంది.

రాజు చేయి ఆగింది. అతని తల్లి మదనపల్లెలో పట్టు దారం తీసి అతన్ని డిగ్రీ చదివించింది. అక్కడి మార్కెట్లో పట్టుగూళ్లు ఎంత తెల్లగా మెరిసినా, కొనేవాడు గుప్పెడు తీసి, బ్లేడుతో కోసి, లోపలి పురుగు బతికుందో కుళ్లిందో చూశాకే ధర చెబుతాడు. పొద్దుటి నుంచి తాను పైపై మెరుపే చూస్తూ వచ్చాడు. మనుషుల మొహాలు చూసి తేల్చుకునే పని కాదిది. కోసి చూడాలి.

మధ్యలోంచి ఒక్క ఫైలు ఇమ్మని అడిగాడు. నీలం తెర ఒప్పుకోలేదు. మొత్తం తీసుకుంటేనే ఇస్తానంది. డిస్కు పీకేశాడు.

కుడిది తగిలించాడు. బూడిదరంగు కిటికీ, అందమూ చందమూ లేదు. కానీ తేదీల వరస ఉంది. ఏ తేదీన ఏ ఫైలు ఎలా ఉందో విడివిడిగా ఉంది. పాత తేదీల్లోంచి ఒక ఫోటో లాగాడు. భీమరావు, ఘని ఒకే ప్లేటు బిర్యానీ ముందు పళ్లికిలిస్తూ కనిపించారు. గూట్లో పురుగు బతికే ఉంది.

ఘని ఆ ఫోటో చూసి జరిగింది చెప్పాడు. మొన్న ఎవరో కుర్రాడొచ్చి, కొత్త సాఫ్ట్‌వేర్ ఫ్రీ, కొత్త డిస్కు కూడా ఫ్రీ అన్నాడట. మిత్రుడికి మేలవుతుందని పాతది ఇచ్చి మార్పించాడట. తెరిచి చూడాలని తోచలేదట.

"ఫ్రీ అనినాడు సాబ్," అన్నాడు నీరసంగా.

రాజు శుక్రవారం కాపీలోంచి ప్రోగ్రామ్ లాగి, పంపడం మొదలుపెట్టాడు. అంకెలు నత్తల్లా కదులుతున్నాయి. ఇంతలో కరెంటు పోయింది. అతను క్యారియర్ నడిమి గిన్నెలోని బ్యాటరీకి వైరు గుచ్చాడు. ఫోన్ నెట్ మీద అంకెలు మళ్లీ కదిలాయి.

తలుపు తన్నిన చప్పుడు. తెల్ల చొక్కా ధనుంజయ పిస్టల్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"చెయ్యి తీయ్. యాల చస్తావు అనవసరంగా?"

రాజు చెయ్యి తీయలేదు. తీస్తే పోయేది తన ప్రాణం కాదు. కళ్లు అంకెల మీదే ఉంచి, కాల్చుకోమన్నట్టు వీపు అటు తిప్పాడు.

చీకటి గదిలో ఘని చెయ్యి పెళ్లిళ్లకు తీసుకెళ్లే బ్యాటరీ ఫ్లాష్ మీద పడింది. గదంతా తెల్లటి వెలుగు పేలింది. ధనుంజయ కళ్లు మూసుకుని కాల్చిన గుండు సీనరీ పరదాలోని తాజ్‌మహల్‌కు తగిలింది. మెహ్‌నాజ్ స్టూలెత్తి అతని మోచేతి మీద వేసింది. పిస్టల్ రాజు కాళ్ల దగ్గరికి జారుకుంటూ వచ్చింది. అతను దాన్ని తొక్కిపట్టి తెర వైపే చూస్తున్నాడు. ఆఖరి అంకె పడింది. గడియారంలో పెద్ద ముల్లు పన్నెండు మీదికి వచ్చింది.

పని జరిగిందని తెర చెబుతోంది. తెర మాట నమ్మే స్థితిలో ఆ గదిలో ఎవరూ లేరు. ప్రాణంతో బయటపడితే రోషన్ తల్లి నంబరుకు మిస్డ్ కాల్ ఇవ్వాలి. ఘని పెదవులు ఏదో చదువుకుంటున్నాయి. మెహ్‌నాజ్ ధనుంజయ చేతులు కెమెరా బెల్టుతో కట్టి, అక్కడే నేల మీద కూలబడింది.

చాలాసేపటికి రాజు ఫోన్ మోగింది.

"మిస్డ్ కాల్ వచ్చిందప్పా," అంది విమల. తర్వాత ఆమె ఏడుస్తున్నట్టు వినపడింది. రాజు ఫోన్ పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. ఈసారి తాను పెట్టేయలేదు.

కాసేపటికి ఆమె గొంతు సవరించుకుని మళ్లీ చీఫ్ అయింది. ఫైల్లో రాయాలి, ఏ సాఫ్ట్‌వేర్ మంచిదో చెప్పమంది. పాత కాపీలు తేదీలవారీగా దాచేది, పని కాగానే డిస్కు పీకి వేరే ఊళ్లో పెట్టుకోనిచ్చేది, అడిగిన ఒక్క ఫైలును అడిగిన వెంటనే తిరిగిచ్చేది అయితే ఏదైనా సరేనన్నాడు రాజు. నెలకోసారి కోసి చూసుకోవాలని కూడా చెప్పాడు. తర్వాత తన అలవాటు ప్రకారం మర్యాదగా ఒక సందేహం అడిగాడు.

"మన ఆఫీసు కంప్యూటర్‌కు ఏది పెట్టినాము మేడమ్?"

అటువైపు మౌసు నొక్కిన చప్పుడు, తర్వాత "నీలం తెర, పెద్ద పచ్చ టిక్కు" అని విమల గొణుగుడు.

"రేపు మాట్లాడుకుందాం... కాదు రాజూ. అన్నం కూడా తినద్దు, ఇప్పుడే బయల్దేరి రా."