మాస్టారికి వెనక సీటు

ఆ ఉదయం కూడా మాస్టారు కూతురి మోటారు సైకిలు చుట్టూ ప్రదక్షిణం చేశారు. టైరు నొక్కి చూశారు. గొలుసు కదిపి చూశారు. అద్దం సరిచేశారు, మళ్ళీ చెడగొట్టారు. షోరూం నుంచి వచ్చి పట్టుమని పదిరోజులు కాని బండి. దానికి ఏం రోగం వస్తుందండీ! కానీ ఆయనకి చెప్పేదెవరు?

"నాన్నా, నాకు టైమవుతోంది," అంది చంటి హెల్మెట్టు పెట్టుకుంటూ. ఇరవై ఏడేళ్ళు వచ్చినా ఆ ఇంట్లో ఆమె చంటే.

"ముందు బ్రేకు ఒక్కటే పట్టకు. రెండూ కలిపి..."

"తెలుసు నాన్నా."

"బస్సు పక్కన దూరకు. వాడికి నువ్వు కనపడవు."

"తెలుసు నాన్నా."

"అన్నీ తెలుసు నీకు. తెలియనిదల్లా తండ్రి మాట వినడమే."

వంటింటి గుమ్మంలో నిలబడి టీ తాగుతున్న తల్లి నవ్వింది. "ఏమండీ, మీ అప్పగింతలు అయ్యేలోగా దాని రోగి లేచి తనంతట తనే నడిచేస్తాడు. ఇంక వెళ్ళనివ్వండి."

చంటి ఫిజియోథెరపిస్టు. పక్షవాతం వచ్చినవాళ్ళకీ, ఎముకలు విరిగినవాళ్ళకీ మళ్ళీ నడక నేర్పడం ఆమె పని. ఇకనుంచి ఇళ్ళకి వెళ్ళి వైద్యం చెయ్యమన్నారు క్లినిక్కువాళ్ళు. ఆ సందుల్లోకి బస్సులు పోవు. అందుకే ఈ బండి. ముదురు నీలం రంగు, గేర్ల బండి, ఆమె సొంత సంపాదన. రోజూ పాత బనీను గుడ్డతో తుడిస్తేగానీ ఆమెకి టిఫిను దిగదు.

మాస్టారిది డ్రైవింగ్ స్కూలు. ఊళ్ళో సగం మంది ఆయన పక్కన కూర్చునే స్టీరింగు పట్టారు. భయంతో ఏడ్చినవాళ్ళనీ, కుడి ఎడమలు తెలియనివాళ్ళనీ డ్రైవర్లని చేసిన మనిషి. అలాంటాయన సొంత కూతురు బండి నేర్పమంటే మాత్రం ఎప్పుడడిగినా "చూద్దాంలే" అన్నారు. చూసి చూసి చంటి క్లినిక్కులో నర్సు దగ్గర నేర్చుకుంది. ఆ ముల్లు ఆయనకీ గుచ్చుకుంది, ఆమెకీ గుచ్చుకుంది. ఇద్దరిలో ఒక్కరూ బయటపడలేదు.

బండి వీధి మలుపు తిరిగాక చంటికి ఊపిరి ఆడింది. పొద్దుటి గాలి మెడకి చల్లగా తగులుతోంది. రెండో గేరు, మూడో గేరు. ఇంజను చప్పుడు ఆమెకిప్పుడు బాగా అలవాటైంది, ఎప్పుడు గేరు మార్చాలో చెవికే తెలిసిపోతోంది. ఇవాళ వాచీలు బాగుచేసే తాతగారింటికి వెళ్ళాలి. ఆయన్ని మంచం దగ్గర్నుంచి కిటికీ దాకా చెయ్యి పట్టుకోకుండా నడిపిస్తానని మాటిచ్చింది.

అద్దంలో చూస్తే వెనక మళ్ళీ ఆ పసుపు రెయిన్ కోటు. వానా లేదు, చినుకూ లేదు. నిన్న కూడా చూసింది. మొన్న కూడా చూసినట్టే గుర్తు. ఎవరి పిచ్చి వాళ్ళకానందం అనుకుని సిగ్నలు దగ్గర ఆగింది. మొదటి గేరు వేసి, క్లచ్చు పట్టుకుని, పచ్చలైటు కోసం చూస్తోంది.

లైటు మారింది.

"చంటీ! క్లచ్చు మెల్లిగా! మెల్లిగా వదులూ!"

డ్రైవింగ్ స్కూలు మైదానం ఈ చివర్నుంచి ఆ చివరికి వినపడే గొంతు అది. చంటి ఉలిక్కిపడింది. ఎడమ చెయ్యి క్లచ్చుని ఒక్కసారిగా వదిలేసింది. బండి కప్పలా ఎగిరి, ఆగి, ఆమెతో సహా పక్కకి ఒరిగి పడింది.

హారన్లు హోరెత్తాయి. ఎవరో బండి లేపారు, ఎవరో ఆమెని లేపారు. పసుపు రెయిన్ కోటు తన పాత మోపెడ్‌ని నడిరోడ్డు మీదే పడేసి పరుగెత్తుకొచ్చింది. హెల్మెట్టు తీస్తే లోపల మాస్టారు! వేసుకున్నది భార్య రెయిన్ కోటు. పొట్ట దగ్గర గుండీలు పట్టక నోరు తెరుచుకుని ఉంది.

"దెబ్బ తగిలిందా తల్లీ? ఏదీ, చెయ్యి చూపించు."

"నువ్వా నాన్నా? రోజూ నా వెనకాల నువ్వేనా వస్తున్నది?"

మాస్టారు విరిగిన ఇండికేటరు వైపు చూస్తూ నిలబడ్డారు. చంటి మోచెయ్యి చీరుకుపోయింది. దుమ్ము కూడా దులుపుకోకుండా బండెక్కి వెళ్ళిపోయింది. ఆమె చేరేసరికి తాతగారు ఎదురుచూసి ఎదురుచూసి అలిసిపోయి మంచమెక్కేశారు. ఇవాళ ఓపిక లేదమ్మా అన్నారు.

సాయంత్రం ఇల్లు యుద్ధభూమి అయింది.

"నా రెయిన్ కోటు వేసుకుని దొంగలా వెంటపడ్డారా? ఈ వయసులో ఇవేం వేషాలండీ!" తల్లి కూతురి మోచేతికి మందు రాస్తూ భర్త మీద విరుచుకుపడింది.

మాస్టారు తగ్గలేదు. తప్పు చేసినవాడి గొంతే పెద్దది కదా. "పడిందా లేదా? నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా. ఈ ట్రాఫిక్కులో దీనికి బండెందుకు? నేను లేకపోతే ఏమయ్యేది?"

"నువ్వు లేకపోతే నేను పడేదాన్నే కాదు నాన్నా!"

మాస్టారు బల్ల దగ్గర కూర్చుండిపోయారు.

"ఊరందరికీ నేర్పావు. నాకు నేర్పమంటే చూద్దాం, చూద్దాం! పోనీ, నేనే నేర్చుకున్నా. బాగా నడుపుతున్నావే అని ఒక్క మాటంటావేమోనని రోజూ ఎదురుచూశా. నువ్వేమో నేనెప్పుడు పడతానా అని వెనకాలొచ్చావు." చంటి బండి తాళం తీసి ఆయన ముందు బల్ల మీద పెట్టింది. "తీసుకో. ఇళ్ళకి వెళ్ళే పని నా వల్ల కాదని క్లినిక్కులో చెప్పేస్తా. పొద్దున నువ్వు దింపు, సాయంత్రం నువ్వే తీసుకురా. నీకు కావల్సింది అదేగా!"

అవును, ఆయనకి కావల్సింది అదే. బండి వచ్చిన రోజు నుంచీ మనసులో కోరుకుంటున్నది అదే. తీరా తాళం ఎదురుగా ఉంటే ఆయన చెయ్యి దాని మీదికి పోలేదు. కూతురు అలా ఓడిపోయి నిలబడ్డం ఆయన చూడలేకపోయారు.

"నా కారులో నా కాలికింద కూడా ఒక బ్రేకుంటుంది, తెలుసుగా," అన్నారు. "నేర్చుకునేవాడు తప్పు చేస్తే నేను తొక్కేస్తా. అందుకే ఎవడు ఎలా నడిపినా నాకు భయం వెయ్యలేదు. ఇన్నాళ్ళూ నాకెంత ధైర్యమో అనుకున్నా. ధైర్యం నాది కాదే చంటీ, ఆ బ్రేకుది. నువ్వు బండెక్కి వెళ్తుంటే నా కాలు నేలని తొక్కుతూనే ఉంటుంది. ఆగేది మాత్రం ఏమీ లేదు. నీ మీద నమ్మకం లేక కాదు తల్లీ. నాకు భయం. నేర్పితే వెళ్ళిపోతావని భయం, వెళ్తే ఏమవుతుందోనని భయం."

ఊరిని దడిపించే ఆ గొంతు వణకడం చంటి ఎప్పుడూ వినలేదు. వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"నేను నడిపించేవాళ్ళకి మొదట్లో చెయ్యి పట్టుకుంటా నాన్నా. ఏదో ఒకరోజు వదిలెయ్యాలి. వదిలినప్పుడల్లా నాకూ గుండె గుభేలుమంటుంది. కానీ వదలకపోతే వాళ్ళెప్పటికీ నడవరు."

మాస్టారు తలవంచుకుని తాళం తీసి ఆమె గుప్పిట్లో పెట్టి, గుప్పిట మూశారు.

"సరేలెండి," అంది తల్లి కళ్ళు ఒత్తుకుంటూ. "వెనకాల పడి వెళ్ళే బదులు, వెనక సీట్లో కూర్చుని వెళ్ళండి. నా రెయిన్ కోటైనా మిగులుతుంది."

మర్నాడు మాస్టారు వెనక సీటెక్కారు. స్కూలు చేరేదాకా ఆయన మోకాళ్ళు బిగుసుకునే ఉన్నాయి. ప్రతి మలుపులోనూ ఏదో అనబోయి మింగేశారు. దిగాక హెల్మెట్టు తీసి, ఎటో చూస్తూ, "బాగానే నడుపుతున్నావే," అని గబగబా లోపలికెళ్ళిపోయారు. చంటికి ఆ రోజంతా ఆకలి తెలియలేదు.

సాయంత్రం ఆయన్ని ఎక్కించుకుని వస్తుంటే రైలు గేటు పడింది. చంటి ఇంజను ఆపేసింది.

"నాన్నా, ఇవాళ తాతగారు కిటికీ దాకా నడిచారు తెలుసా? నేను పట్టుకోలేదు. వీధి చూసుకుని చిన్నపిల్లాడిలా నవ్వారు."

జవాబుగా వెనకనుంచి హెల్మెట్టు వచ్చి ఆమె హెల్మెట్టుకి టక్కున తగిలింది, తర్వాత మెల్లిగా ఆమె వీపు మీదికి జారింది. చంటి అద్దంలో చూసింది. మాస్టారు నిద్రపోతున్నారు.

గేటు లేచింది. వెనక హారన్లు మొదలయ్యాయి. చంటి ఇంజను స్టార్టు చెయ్యలేదు. కాళ్ళతోనే బండిని పక్కకి నెట్టుకుని, మూసేసిన ఒక దుకాణం ముందు ఆపి, రెండు పాదాలూ నేలకి గట్టిగా ఆనించింది. ఫోను మోగితే తీసి హెల్మెట్టులోకి దోపుకుంది. ఆ కాస్త కదలికకే బండి ఊగడంతో మళ్ళీ రెండు చేతులా హ్యాండిలు పట్టుకుంది.

"ఎక్కడున్నారే? ఇంకా రాలేదేం?" తల్లి.

"గేటు దగ్గరమ్మా. నాన్న నిద్రపోయాడు."

"ఎవరూ, మీ నాన్నా? బండి మీదా?" అవతల స్టవ్వు ఆపిన చప్పుడు వినిపించింది. "పెళ్ళైన కొత్తలో బస్సులో దూరం వెళ్ళామే. నేను హాయిగా నిద్రపోయా. ఆయన దిగేదాకా డ్రైవరుకేసి చూస్తూ కూర్చున్నారు. బండి ఇంకొకరి చేతిలో ఉంటే ఆయన కళ్ళు మూయగా నేనింతవరకూ చూడలేదే చంటీ."

మెచ్చుకోవడం కన్నా పెద్దది ఆయన తనకి ఇచ్చేశారని చంటికి అప్పుడు తెలిసింది.

"లేపకే," అంది తల్లి. "కాసేపు పడుకోనీ."

"లేపనమ్మా."

కళ్ళు తుడుచుకుందామంటే హ్యాండిలు మీంచి చెయ్యి తియ్యాలి. బండి కదులుతుందేమోనని చంటి తియ్యలేదు.