పెన్నులు మార్చి పెట్టిన టిక్కులు

"ఇరవై ఫారాలూ అయిపోయాయా? శభాష్ యార్లెనిస్!" అంది కొన్సుయెలో టీచర్.

యార్లెనిస్ తల దించుకుంది. ఫారాలు నింపిన మాట నిజమే. ఎవరినైనా అడిగితే కదా!

అందరూ పిన్ని అని పిలిచే రుబియెలా, ఊరి నడుమ ఉన్న ప్లాజాలో, బస్సులు ఆగే వైపు, ఫ్లాస్కులు పెట్టుకుని కాఫీ అమ్ముతుంది. ప్లాస్టిక్ కప్పులు మానేసి, కడిగి మళ్ళీ వాడే కప్పులు నలభై కొంది. తాగినవాళ్ళు వాటిని తిరిగి వేసే పెట్టె ఎక్కడ ఉంటే బాగుంటుందో ఊళ్ళో అడిగి రావడం ఐదో తరగతి పని. ఆ ఫారాలు యార్లెనిస్ వంతుకి వచ్చాయి.

యార్లెనిస్ సముద్రం ఒడ్డు నుంచి ఈ కొండల ఊరికి వచ్చి రెండు నెలలే అయింది. నోరు తెరిస్తే చాలు, "నీ మాటల్లో చివరి అక్షరాలు చేపలు మింగేశాయా?" అని క్లాసంతా ఒకటే నవ్వు. దాంతో పాపం, నోటికి తాళం వేసుకుంది. ఇంటర్వెల్లో గోడవారన ఒక్కతే కూర్చుని అరెపా రొట్టె తినేది. అలాంటి పిల్ల ముక్కూ మొహం తెలియని వాళ్ళని ఏం అడుగుతుంది? చర్చి మెట్ల మీద కూర్చుని, అన్ని ఫారాల్లోనూ 'చర్చి గుమ్మం' దగ్గర టిక్కు పెట్టేసింది. పెన్నులు మార్చి మరీ!

పెట్టె అక్కడే పెట్టారు. వారం తిరిగేసరికి అందులో చాక్లెట్ కాగితాలే ఉన్నాయి.

పిన్ని బడికొచ్చింది. "పదకొండు కప్పులు మిగిలాయి టీచరమ్మా. నా వల్ల కాదు. రేపట్నుంచి మళ్ళీ ప్లాస్టిక్కే," అంది కళ్ళు తుడుచుకుంటూ.

యార్లెనిస్ లేచి నిలబడింది.

"టీచర్... ఆ టిక్కులన్నీ నేనే పెట్టాను. ఎవర్నీ అడగలేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. టీచర్ ఇరవై ఖాళీ ఫారాలు తెచ్చి యార్లెనిస్ చేతిలో పెట్టింది.

"ఒక్క రోజు ఆగుతానులే పిల్లా," అంది పిన్ని.

సాయంత్రం ప్లాజాలో మొదట కనిపించింది అనీబల్ తాత. బూట్లు పాలిష్ చేస్తాడు.

"తాతా... కాఫీ తాగాక కప్పు ఎక్కడ పెడతారు?"

"ఎక్కడేమిటే తల్లీ! బూటు నా చేతిలో ఉంటే మనిషి ఎక్కడికి పోతాడు? కాఫీ తెచ్చుకుని నా కుర్చీలో కూర్చుని తాగుతాడు, ఇక్కడే వదిలేసి పోతాడు."

కుర్చీ కింద నుంచి సంచి లాగాడు. నిండా కప్పులు! కడిగి, తుడిచి పెట్టినవి.

"మరి చెప్పలేదేం తాతా?"

"ఆ చర్చి మెట్లెక్కడానికీ, ఇటు బస్సుల దాకా నడవడానికీ నా మోకాళ్ళు ఒప్పుకోవు. ఎవరైనా వస్తారేమోనని రోజూ చూస్తున్నా. నన్నెవరడిగారు?"

ఆ మాటకి యార్లెనిస్‌కి ఏడుపొచ్చినంత పనైంది. తననీ ఎవరూ ఏమీ అడగరు. ఫారంలో పాలిష్ కుర్చీ అన్న చోటే లేదు. కింద ఖాళీలో తాత మాట ఉన్నదున్నట్టు రాసుకుంది.

"ఇక నా వంతు," అన్నాడు తాత. "నీ మాట ఈ కొండలది కాదు. ఏ ఊరే మీది?"

"రియోహాచా తాతా! మా ఇంట్లోకి సముద్రం వినపడేది."

"అబ్బో! చెప్పు, చెప్పు."

చాలాసేపు చెప్పింది. ఇంతలో ఒకాయన కాఫీ కప్పుతో వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. యార్లెనిస్ రెండో ఫారం తీసింది.

"బాబాయ్, తాగాక ఆ కప్పు ఎక్కడ పెడతారు?" అని తన యాసలోనే అడిగి, ఆయన జవాబు కోసం పెన్ను పట్టుకుని నిలబడింది.